నత్తల పద్దు

మొదటి పేజీలో ఒకటే అంకె:
మూడువందల నలభై పౌన్లు.
కేర్ హోమ్‌లో రాత్రి డ్యూటీలు
నెలకింత చొప్పున బిస్కెట్ డబ్బాలో పడ్డవి.

గొర్రెకి చాలవు. మేకకి చాలవు.
కోడికి చాలుతాయి గానీ
అద్దె కాగితంలో కోడి కూడదని రాసుంది.
నత్త సంగతి ఏమీ రాయలేదు.
మూడుసార్లు చదివాను,
అడుగున ఉన్న చీమ అక్షరాలతో సహా.

పక్కింటి ట్రెవర్ పాస్క్ తన గాజు షెడ్డు ఇచ్చాడు.
టమాటాలు మానేసి ఆరేళ్లట, మోకాళ్లు వంగవట.
అద్దె వద్దన్నాడు.
"తినమని మాత్రం అడక్కు" అన్నాడు.

హోల్బీచ్ దాటితే నేలంతా పీట వేసినట్టు చదును,
ఎటు చూసినా కాబేజీ.
కోతయ్యాక పడున్న పై ఆకులు
అడిగితే పట్టుకుపొమ్మన్నారు.
మేత పద్దు కింద సున్నా.

ఖర్చు:
రెండువందల తల్లి నత్తలు.
తల్లి అని రాసి ఆగాను.
ప్రతిదీ తల్లేనట, ప్రతిదీ తండ్రేనట.
కొట్టేసి "పెద్దవి" అని దిద్దాను.
రాగి టేపు, గట్టు దాటకుండా.
సుద్దపొడి, గుల్ల గట్టిపడ్డానికి.
ఒక థర్మామీటరు,
దాని మాట అది చెబుతుంది, ఎండ మాట ఎండది.

కౌన్సిల్ నుంచి ఒకాయన వచ్చాడు.
ఫారంలో పశువులకో గడి, పక్షులకో గడి.
కాసేపు పెన్ను నమిలి
"ఇతరములు" మీద టిక్కు పెట్టాడు.
ఆ గడి నాకు కొత్తేం కాదు.

కొల్లేటి వైపు వరిమళ్లలో
మా అమ్మ రూతమ్మ నత్తలేరేది,
నడుం ఎత్తకుండా, పొద్దు వాలేదాకా.
నా పక్కన కూర్చునే పిల్ల
నా క్యారేజీ మూత తీస్తే జరిగి కూర్చునేది.
నత్తగుల్లలన్నీ ఒక రేవున,
ముత్యపుచిప్పలన్నీ ఒక రేవున,
అని మాస్టారు సామెత చెప్పి
నా వైపు చూడకుండా ఉండడానికి
చాలా అవస్థ పడ్డాడు.

మే నెలలో మట్టి కింద చెంచా పెడితే
గుత్తిగా, తెల్లగా, గుడ్లు.
ముత్యాలని రాయబోయాను.
మిరియమంత, అని రాశాను.

జూన్‌లో ఒక మధ్యాహ్నం
డ్యూటీ దిగి పడుకుంటే గాజు కాగిపోయింది.
అరవై ఒకటి.
లేచేసరికి ట్రెవర్ చీపురు కర్రకి గుడ్డ చుట్టి
పైకప్పుకి సున్నం పూస్తున్నాడు,
కిందున్నవాటికంటే కప్పుమీదే చూపు పెట్టి.
నన్ను లేపలేదు.
లేపాల్సింది.

నత్తనడక అని నవ్వకండి.
రాత్రి టార్చి వేసి చూశాను,
తెల్లారేలోపు బల్ల ఈ చివర్నించి ఆ చివరికి వెళ్లి
తిరిగొచ్చింది ఒకటి, ఎందుకో.
కాబేజీ నమిలే చప్పుడు కూడా వినొచ్చు,
ఊపిరి కాస్త బిగపడితే.

అమ్మేముందు అయిదు రోజులు పస్తు ఉంచాలి, కడుపు శుభ్రపడ్డానికి.
ఆ అయిదు రోజులూ షెడ్డులోకి వెళ్లడం
నాకు చేతకాలేదు.

అక్టోబరులో, స్టామ్‌ఫర్డ్‌లో, ఒక హోటలు వెనక గుమ్మం.
పద్నాలుగు డజన్లు, డజను మూడు పౌన్లు.
వంటాయన ఒకదాన్ని అరచేతిలో తిప్పి
మీరు తింటారా అనడిగాడు.
"చిన్నప్పుడు రోజూ" అన్నాను.
ఇంగ్లీషులో ఎంత సులువుగా వచ్చేసిందో!
పీటర్‌బరోలో మనవాళ్లు కలిసినప్పుడు
"ఏదో ఆర్గానిక్ వ్యాపారం, ఏస్తేరు గారిది" అంటారు.
నేను దిద్దలేదు.

జమ: నలభై రెండు.
ఇంకా రావాల్సింది: రెండువందల తొంభై ఎనిమిది.
సొంతానికి తీసింది: పన్నెండు.

చింతపండు నానబెట్టాను.
వంటింటి కిటికీ ముందు మూద్దామనుకుని
తెరిచే ఉంచాను.
కంచెకవతల ట్రెవర్ దగ్గాడు, ఘాటుకి.
ఏమిటది, అనలేదు.
ఇంట్లోకీ వెళ్లలేదు.