గారె చిల్లు

అల్వానీలో రేడియోలు బాగుచేసే మక్వాలా
ముందుగా ఎవరి మాటా నమ్మదు.
"రేంజి చాలట్లేదు" అన్నాడు షేతే,
జబ్బుపడ్డ గొర్రెపిల్లని తెచ్చినట్టు
డ్రోన్ రిమోటును రెండు చేతులా బల్లమీద పెట్టి.
"ఎలా పట్టుకుంటావో చూపించు" అంది.

చూపించాడు.
రెండు యాంటెన్నాల మొనలూ కిటికీలోంచి
కొండవైపు, బాణాలు గురిపెట్టినట్టు.
ఆమె నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.
"మొనలోంచి ఏమీ పోదు, నాయనా.
పక్కల్లోంచి పోతుంది.
చుట్టూ ఉబ్బి ఉంటుంది, నడుమ ఖాళీ."
గాలిలో వేలితో ఒక ఆకారం గీసింది.
ఆ ఊళ్ళో దాన్నేమంటారో తెలీదు,
రోడ్డు పనికొచ్చి, వచ్చీరాని భాషతో,
ఛార్జరు బాగుచేయించుకుందామని
మూల స్టూలు మీద కూర్చున్న నాకు మాత్రం
అది గారె.
ఈ మనిషి ఏడాదిగా
గారె చిల్లులోంచి గొర్రెల్ని వెతుకుతున్నాడు.

పోయిన సెప్టెంబరులో అబానో కనుమ దిగుతూ
పొగమంచులో పదకొండు పోయాయి.
తెరమీద ఆఖరుసారి కనిపించింది
ఒక నల్లరాయి, దాని పక్కన ఏదో తెల్లగా.
మంచుముద్దో, గొర్రో
తేలేలోపు బొమ్మ చెదిరింది.
ఆ తెలుపు గురించి షేతే రెండుసార్లు చెప్పాడు.

మరలు విప్పింది. లోపల
ఆవగింజంత బంగారు గుండీ,
దానికి వెంట్రుకలాంటి తీగ.
రాగిరేకు కావాలంది.
షేతే బండిలోంచి తెచ్చాడు,
వాళ్ళ అమ్మమ్మ సారా కాచిన బానకి
చిల్లుపడ్డ అడుగు.
మక్వాలా దాన్ని వాసన చూసింది.
"ఇది ఇదివరకే చాలామందిని దూరం పంపింది."
రెండు ముక్కలు కత్తిరించింది.
ఒకటి మిల్లీమీటరు ఎక్కువైంది, ఆకురాయి పెట్టింది.
గుగ్గిలం పొగ.
తగరం బొట్టు ఒక క్షణం వణికి,
మాట మింగిన మనిషిలా గట్టిపడింది.

"బలం ఒక్క వాటు కూడా పెరగలేదు" అంది.
"చుట్టూ పంచేదాన్ని ఒకవైపే వడ్డించమన్నాను, అంతే.
దూరం ఎక్కణ్ణుంచో తేలేదు.
నీ వెనకనుంచి తీసి నీ ముందు పెట్టాను."

అలజానీ ఒడ్డున ఎగరేశారు.
పాత పుల్లలతో తొమ్మిదొందల మీటర్లకే ఉక్కిరిబిక్కిరి.
ఇప్పుడు రెండు వేలు, రెండున్నర,
మూడువేల నూట నలభై.
వాగు. అక్రోటు తోపు. ఎవరిదో ఎర్ర ట్రాక్టరు.
ట్రాక్టరు కింద నిద్రపోతున్న మనిషి బూట్లు.
షేతే ఊపిరి తీసుకోవడం మర్చిపోయాడు.

అప్పుడు వెనకనుంచి నాతేలా పిలిచింది,
భోజనానికి, రెండోసారి.
తిరిగాడు.
తెరంతా బూడిద.
మళ్ళీ అటు తిరిగాడు. బూట్లు వచ్చాయి.
నాతేలా మూడోసారి పిలవలేదు.

డ్రోన్ దిగాక కూడా చాలాసేపు
భుజాలు కదల్చకుండా నిలబడ్డాడు.
తర్వాత, రెండిట్లో ఒకటి
పాత పుల్లే ఉంచమన్నాడు.
"బ్రోలియా ఎప్పుడూ నా వెనకే నడుస్తుంది" అన్నాడు,
కుక్క గురించే మాట్లాడుతున్నట్టు.
మక్వాలా నాతేలా వైపు చూసి,
ఏమీ అనకుండా మరలు మళ్ళీ విప్పింది.

"మరి కొండకి అవతల?"
"కొండకి ఏ రేకూ పనిచెయ్యదు. ఎక్కు."

కూలికింద గొర్రెతోలు సంచిలో మాగిన చీజ్ ఇచ్చాడు.
ఆ వాసన,
ఏ మొనా లేకుండా, ఏ వైపూ గురిపెట్టకుండా
కొట్టంతా నిండి, వీధిలోకి పోయి,
తిరిగొచ్చి నా చొక్కాలో కూర్చుంది.
ఛార్జరు మాత్రం బాగవలేదు.