వాటా

జీడితోట అంచున పనసపండుకొచ్చి
ఉచ్చులో పడింది అడవిపంది.
తెల్లారేసరికి చీపిగూడలో
ముప్పైరెండు అడ్డాకులు పరిచారు.
ఇంటికొకటి.
వేటకు రాలేనివాడికి, చూలాలికి, కాలు విరిగినవాడికి
అందరికీ ఒకే తూకం.
తక్కెడ లేదు. దుంబురు అరచెయ్యే తక్కెడ.

తొడకండలో తెల్లటి పొక్కులు కనిపించాయట,
నానిన సగ్గుబియ్యంలా.
"కొవ్వు. బాగా బలిసింది" అన్నాడట.
జడివాన. తడి కట్టెలు.
ముక్క సగం ఉడికేలోపే
జీలుగు కల్లు కుండ బోర్లపడింది.

ఇదంతా నాకు చాలా తర్వాత తెలిసింది.
ముందు తెలిసింది ఎస్తేరు.
తొమ్మిదేళ్లది.
ఏడో ఎక్కం అప్పజెపుతూ
ఏడారుల దగ్గర ఆగి
కళ్లు తేలేసి బెంచీ కిందికి జారిపోయింది.
శ్రీకాకుళం పెద్దాసుపత్రి ఫిల్ములో
ఆ చిన్న తల నిండా
ఎవరో సోళ్లు చల్లినట్టు చుక్కలు.

మందస ఆసుపత్రి లాబులో
పదకొండేళ్లుగా మలం, రక్తం, కళ్లె చూసేదాన్ని.
"ఏం తిన్నారో కనుక్కో" అని ఫారం చేతిలో పెట్టారు.
కొండెక్కాను.

"ఏటి తింటాం? సోళ్లంబలి."
"పందా? మేం సూడనేదు."
చూరులో దోపిన కోర
వాళ్ల భుజం మీంచి నన్నే చూస్తోంది.
పురుగుకి కాదు భయం, ఫారెస్టోళ్ల కేసుకి.
ముప్పైరెండు ఇళ్లు, ఒకటే అబద్ధం,
దాన్నీ సమంగానే పంచుకున్నారు.

ఎస్తేరు తల్లి ఒక్కతే అంది:
"నా గుంట ముక్క ముట్టదమ్మా.
వాసనకే కక్కీస్తాది."
ఆ మాట నిజమని
నాకెందుకో తెలిసిపోయింది.
దిగేటప్పుడు కాళ్లు వణికాయి.

చీకటి పడ్డాక దుంబురు వచ్చాడు, వెనక గుమ్మం నుంచి.
అగ్గిపెట్టె తెరిచాడు.
ఎండిన సొరగింజల్లాంటివి, నాలుగు.
"యాడాదిగా పడతన్నాయి.
నొప్పి నేదు. సిగ్గు."
గెడ్డ ఒడ్డునే అతని పొద్దుటి పని.
గెడ్డలోంచే ఊరికి నీళ్లు.
తల్లి కూలికెళితే మేనకోడలికి
అంబట్లో ఉల్లిపాయ నలిపి తాగించేదీ అతనే.

చెప్పాను.
కండలో పొక్కు కడుపులో బద్దె అవడం,
బద్దె గుడ్డు గోటి కింద దాక్కోవడం,
ముక్క ముట్టని నోటికి కూడా
చేత్తో అందడం.
అతను తన అరచెయ్యి చూసుకుంటూ కూచున్నాడు.
"అయితే దానికీ వాటా ఏసీసేనా?"

నేనేమీ అనలేదు.
మాత్ర ఇచ్చాను, నా ఎదుటే మింగించాను.
"నీ కడుపులోది పోతుంది" అన్నాను.
"మరి దాని తలకాయలోది?"
"ఏళ్లు పడుతుంది."

ఫారంలో పంది అని రాశాను.
ఏ పందో రాయలేదు.

అతను వెళ్లాక బీరువా తీసి
మూత డబ్బాలు లెక్కపెట్టాను.
పంతొమ్మిది.
మళ్లీ లెక్కపెట్టాను.
పంతొమ్మిదే.