అంచు మీది పేరు

హంద్రీ ఒడ్డున, ఆదివారం, గోనెపట్టా మీద
మూడు మెడల్లు పెట్టినా.

డిపో మేనేజరుగా రిటైరైన ఓబుళపతి వచ్చె,
ఆయన వెంట భూతద్దం,
భూతద్దం వెంట ఇంకిద్దరు.
అయస్కాంతం ఆనించిరి. ఒకాయన పంటితో కొరికె.
తక్కెట్లో పెట్టి, గ్రాము తక్కువని మూతి తిప్పిరి.

పచ్చగా చిలుమెక్కినదాన్ని ముక్కు కాడికి తీసుకొని
‘ఇదప్పా అసలుది, బర్మా బురద వాసనొస్తాంది’ అనె.
నేనేం మాట్లాడలే.
ఆ చిలుము నాది:
ఉప్పు, పేడ, నలభై దినాలు కుండలో.

రెండోదానికి రిబ్బను కొత్తదంట.

మూడోది మెరుస్తాంది, పెండ్లికి తోమిన చెంబు మాదిరి.
‘నిన్న పోసినావా దీన్ని?’ నవ్విరి.
అంచున పేరు లేదు, నెంబరు లేదు,
గోటికి తగిలేది ఒక అక్షరంలో సగం.

గూడూరు ఖాసింబీ తెచ్చిచ్చింది.
‘ఏటా పీర్లపండక్కి చింతపండేసి తోముతాంటి నాయనా,
ఆయప్పది నల్లబడగూడదని.’
అరవై ఏండ్లు.
మొగుని పేరు ఆమే తోమేసింది.

చెప్పొచ్చు. అమ్మేవాని నోట్లో కథ
గోనెపట్టా కంటే చౌక.

ఓబుళపతి చిలుముదానికి తొమ్మిదొందలు ఎంచె.
మెరిసేదాన్ని జేబులో ఏసుకొని బస్సెక్కితి.
కల్లూరు దాటినాక, ఎందుకో,
చొక్కా కొంగుతో
నేనూ ఒకసారి తుడిస్తి.