పడవవాడి పట్టు

వానపాము ఎరంటే ఇన్నెస్‌కి పడదు.
చేప కడుపు దాకా మింగేస్తుందట,
ఆ తర్వాత గాలం తియ్యడమంటే
పేగు తోడెయ్యడమేనట.
చిన్నప్పుడు వాళ్ళ నాన్న వానపాముల డబ్బా
మోసింది ఇతగాడేనని
టే నది పొడుగునా అందరికీ తెలుసు.

మిసెస్ ఫర్కార్సన్‌కి మెరుపు రేకు చూస్తే ఒళ్ళు మంట.
"అది చెంచా. చెంచా ఉండాల్సింది సూపులో."

సీసపు గుండు అడుక్కి దించి
కర్ర కొసన చిరుగంట కట్టి
కునుకు తీసేవాళ్ళంటే అందరికీ నవ్వే:
చేపే వచ్చి తలుపు తట్టాలా దొరవారికి?

మూడు కొక్కేల గాలాన్ని మడుగులో ఈడ్చి
తగిలిన చోటల్లా గుచ్చి లాగే పని గురించి మాత్రం
ఎవరూ మాట్లాడరు.
తెల్లారాక ఒడ్డున పొలుసులు మాట్లాడతాయి.

గుడిసెలో పొయ్యి చుట్టూ, తడి ఉన్ని వాసనలో,
ఇన్ని మాటలూ అయ్యాక
చివరికి నా పని దగ్గరికే వస్తారు.
హార్లింగ్.
నేనక్కడే ఉంటాను, టీ కాస్తూ.

ఏముంది అందులో?
పడవ వెనక మూడు కర్రలు గుచ్చుతాం.
మూడు దారాలు నీళ్ళలో సాగుతుంటాయి.
నేను తెడ్లు వేస్తాను,
ఈ గట్టు నుంచి ఆ గట్టుకి,
ఆ గట్టు నుంచి ఈ గట్టుకి,
ప్రతిసారీ ఒక్క బార దిగువకి జారుతూ,
సాలు తప్పకుండా నదిని దున్నినట్టు.
వచ్చినాయన కంబళి కప్పుకుని కూచుంటాడు.
చేప తనంతట తానే తగులుకుంటుంది.

"అది వేట కాదు, సరుకు రవాణా."
అన్నది డాక్టర్ లామాంట్.
ఇరవై ఆరేళ్ళు నా పడవలో నుంచుని
ఈకల ఈగని గాలి మీద
సంతకం పెట్టినట్టు విసిరిన మనిషి.
ఆ విసురు చూడ్డానికి మా అమ్మాయి బడి ఎగ్గొట్టి వచ్చేది.

వాళ్ళకెందుకు గిట్టదో నాకు తెలుసు.
ఎవరికీ చెప్పలేదు.
ఈ ఒక్క వేటలో
చేపకీ వాళ్ళకీ నడుమ నేనుంటాను.
ఏ రాయి వెనక నీడ ఆగిందో,
ఏ సుడి అంచున తెడ్డు ఊపిరి బిగబట్టాలో
నా భుజానికి తెలుసు, వాళ్ళ కర్రకి తెలీదు.
డబ్బు వాళ్ళది, చేప వాళ్ళది, ఫొటో వాళ్ళది.
పట్టింది నేను.

మొన్న ఏప్రిల్లో డాక్టరు వచ్చాడు
కుడి చెయ్యి కోటు జేబులో పెట్టుకుని.
దాన్నక్కడ పెట్టింది ఎడమ చెయ్యేనని
చూస్తేనే తెలుస్తోంది.
బూటు లేసులకి ఎవరో వేసిన ముడి.
రేవు మెట్ల మీద చాలాసేపు ఆ ముడినే చూశాడు.
"మర్డో, ఇవాళ గాలి బాగా లేదు."
గట్టు మీద ఆకు కదలడం లేదు.
"అవునండీ, విసరడానికి పనికొచ్చే గాలి కాదు" అన్నాను.
మూడు కర్రలూ గుచ్చాను.

నాలుగో సాలులో, వంతెన నీడ దాటాక,
మధ్య కర్ర వంగింది. రీలు కేక పెట్టింది.
ఇద్దరం ఒక్కసారే లేచాం.
తెడ్లు వదిలితే పడవ పోతుంది.
నేను కూచున్నాను.

కర్రని మోకాళ్ళ మధ్య ఇరికించి
ఎడమ చేత్తో రీలు తిప్పాడు,
తప్పుల తడకగా, తొలిరోజు కుర్రాడిలా.
దారం బిగిస్తే పడవని వదిలాను.
సడలితే వెనక్కి లాగాను.
ఒక్క మాట లేదు.
ఇరవై నిమిషాలు పట్టిందేమో, నా మెడ నరాలు లెక్కపెట్టాయి.
ఎనిమిది కిలోలుండొచ్చు. వల తిరగేసి వదిలేశాం.
అది వెంటనే పోలేదు,
పడవ పక్కనే కాసేపు ఆగి దవడలు ఆడించింది.

సాయంత్రం గుడిసెలో, ఇన్నెస్ చూస్తుండగా,
పుస్తకంలో తేదీ రాశాడు, బరువు రాశాడు.
పద్ధతి అన్న గడి దగ్గర
కలం చాలాసేపు నిలబడింది.
తర్వాత పిల్లల అక్షరాల్లో, గీత దాటేసి:
"ఈగ."

అబద్ధమేం కాదు.
మధ్య కర్రకి నేను కట్టింది ఈగనే.