తప్పుడు తూకం

బెజవాడ స్టేషన్ పార్సిలాఫీసులో
ముప్పై నాలుగేళ్ళు తూకాలు రాసిన చెయ్యి
మా యోనా తాతది.
మామిడి బుట్టలు, ఐసులో చేపల పెట్టెలు,
గోనె చుట్టిన సైకిళ్ళు,
ఒకసారి ఏదో సర్కస్ కంపెనీ వాళ్ళ కోతి.
"పదకొండు కేజీలే. అల్లరికి వేరే ఛార్జీ వెయ్యలేదు."
చెప్పిన ప్రతిసారీ ఆ కోతి
ఓ కేజీ పెరిగేది.

రిటైరయ్యాక వేలంలో ఒక పాత కాటా కొని
రిక్షాలో దాని పక్కన తనూ కూచుని
కొత్త పెళ్ళికొడుకులా సత్యనారాయణపురం వచ్చాడు.
"మంచం కొనుక్కురమ్మంటే ఇదా!"
గుమ్మంలో అమ్మమ్మ.
"దీని మీదా పడుకోవచ్చే,
కలలు ఎంత బరువో కూడా చెప్తుంది."

ఆదివారం చర్చి నుంచి రాగానే
మనవలందరం వరసలో నిలబడాలి.
చెవి మీద పెన్సిలు, చేతిలో రసీదు పుస్తకం.
"సరుకు: మనవరాలు, ఒకటి.
పగిలే వస్తువు. తలకిందులు చేయరాదు.
దారిలో చిరిగిన గౌనుకి రైల్వే వారు బాధ్యులు కారు."
రసీదు చూపిస్తే పిప్పరమెంటు.
పారేసుకుంటే లేదు, రూలంటే రూలే.
(మధ్యాహ్నం నిద్రలో ఎవరో నా గుప్పిట్లో పెట్టేవారు,
అది వేరే సంగతి.)

అమ్మమ్మ చూపుని షుగరు తినేసింది.
అప్పట్నించి ఆవిడ కుచ్చిళ్ళు ఆయనే సర్దేవాడు.
"ఇవాళ నువ్వు గార్డు జెండా పచ్చ.
ఎవరూ ఆపరు, నడు."
అన్నం ముందు ప్రార్థన
స్టేషన్ మైకు గొంతుతో:
"ప్రభువు వారికి గమనిక.
రూతమ్మ గారి కంటి చూపు
రెండు సంవత్సరములు ఆలస్యముగా నడుచుచున్నది..."
ఆమెన్ కన్నా ముందే అమ్మమ్మ నవ్వు వచ్చేసేది.
నవ్వుతూనే మొట్టికాయ వెయ్యడానికి
గాల్లో చెయ్యి చాపితే
తాతే తల తెచ్చి ఆ చేతి కింద పెట్టేవాడు.

తాత గురించి ఎవరడిగినా నాకు మొదట గుర్తొచ్చేది అదే,
మొట్టికాయ గురి తప్పకుండా
వంచిన బట్టతల.

నా పదో ఏట పచ్చకామెర్లు.
మంచం దిగేసరికి
నా గౌన్లో ఇంకో పిల్ల పట్టేది.
నా మణికట్టు తడిమి తడిమి
అమ్మమ్మ అన్నం మానేసింది.
తాత నన్ను కాటా ఎక్కించాడు.
కడ్డీ పద్దెనిమిది దగ్గర తేలింది.
నేను చూస్తూనే ఉన్నాను,
చెప్పు విడిచి
బొటనవేలు మెల్లగా కాటా అంచున ఆనించాడు.
గుండు జరిపాడు.
"ఇరవై రెండూ!"
పట్టాల అవతలకి వినపడేట్టు.
ఆ రాత్రి అమ్మమ్మ
రెండు ముద్దలు ఎక్కువ తింది.

దొంగ తూకం దేవుడికి కిట్టదని
పాస్టరు గారు చెప్పిన ఆదివారం
నా మొహం తాతా, తాత మొహం నేనూ
చూసుకోలేదు.

నిరుడు రోహిణి కార్తెలో,
రోళ్ళు పగిలే ఎండలో పోయాడు.
పెట్టె మోయడానికి వచ్చిన పాత హమాలీలు
"క్లర్కు గారు తేలికే" అన్నారు.
ఏం చేస్తారు, దించాక బరువు చెప్పడం
వాళ్ళకి అలవాటు.

అమ్మమ్మ రవికలన్నీ వదులైపోయాయి.
మొన్న ఆదివారం తనే అడిగింది
కాటా ఎక్కించమని.
ఏ రంగు చీరో నేను చెప్పలేదు, మరిచిపోయాను.
ముప్పై తొమ్మిది.
చెప్పు విడిచాను.
పాత ఇనుము కాలికి చల్లగా తగిలింది.
"నలభై మూడు, అమ్మమ్మా."

కాసేపు ఏమీ అనలేదు.
వంటింట్లో కుక్కరు రెండుసార్లు కూసింది.
"గట్టిగా తొక్కవే పిల్లా," అంది,
"మీ తాత బొటనవేలు
అయిదు కేజీలుండేది."