లేని బండ

బేతంచెర్ల బడి, ఆరో తరగతి.
కిటికీ చువ్వల మీద పాలిష్ ఫ్యాక్టరీల రాతిపొడి,
పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి మళ్ళీ.

శుక్రవారం నా లెక్కల పీరియడు
ఓబులేసు అడిగి తీసుకున్నాడు.
నాటకమన్నాడు. పుస్తకం లేదు, మాట లేదు,
తెర లేదు, అట్టముక్క కిరీటమన్నా లేదు.
"ఇదేం నాటకం సామీ, గంతులు" అన్నాను.
"గంతులే మేడం" అని
చెప్పులిడిచి మూలన పెట్టినాడు.

ముందు నిలబడడం నేర్పినాడు.
అది కూడా నేర్పాల్నా అనుకున్నా గానీ
చూస్తే మా పిల్లోళ్ళకు ఎవరికీ నిలబడడం రాదు.
ఒకరి భుజం చెవిని తాకుతా ఉంది,
ఒకరి మోకాలు పారిపోయేదానికి సిద్ధంగా ఉంది,
సుంకులమ్మ చేతులు దాక్కునే చోటు లేక
గౌను అంచులో ముడిపడి ఉన్నాయి.
"ఊపిరిని అరికాలి దాకా దించండి" అన్నాడు.
అరికాలికి ఊపిరి పోదని
వరండాలో సైన్సు సారు నవ్వినాడు.
పోయింది. నేను చూసినాను.

మద్దిలేటికి మాట తడబడుతుంది.
ఎక్కం అడిగితే "ఏ" దగ్గర నిలబడి
గంట కొట్టేదాకా ఏడులోనే ఉంటాడు.
"మీ ఇంటి పక్క రోజూ వినపడేది చేసి చూపిచ్చు" అన్నాడు ఓబులేసు.
పిల్లోడు వంగినాడు. నడుము చక్రమైంది,
మోచెయ్యి బ్లేడయింది,
బండ కోసే మిషను మా గదిలో తిరిగింది.
తిరిగీ తిరిగీ ఆగి, ఛాతీ పట్టుకుని,
చప్పుడు లేకుండా
వాళ్ళ నాయన దగ్గు దగ్గినాడు.
ఎవరూ నవ్వలేదు.
వెనక బెంచీ నుంచి మౌలాలి లేచి
ఖాళీ దోసిలి ఒలకకుండా పట్టుకొచ్చి
నీళ్ళు తాపినాడు.

తర్వాత నలుగురు ఒక బండ ఎత్తినారు.
లేని బండ.
నాలుగడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు,
ఆ కొలత వాళ్ళ అరచేతుల్లోనే ఉంది.
సుంకులమ్మ వైపు కొంచెం వాలితే
మిగతా ముగ్గురి మోకాళ్ళకు తెలిసిపోయింది.
నిన్న పెన్సిలు ముక్క కోసం
గోళ్ళతో గీరుకున్నోళ్ళే,
ఇప్పుడు "నిదానం, నిదానం" అని కళ్ళతో.
నాలుగుతో భాగించడం
నేను రెండు నెలలుగా చెప్తా ఉన్నా.

బోర్డు ముందర దాన్ని దించినారు,
వేళ్ళు నలగకుండా, ఒక్కో అంచూ.
తలుపు దగ్గర హెడ్మాస్టరు
దీనికి మార్కులెన్ని అని అడిగినాడు.
ఓబులేసు చెమట తుడుచుకుంటా ఉన్నాడు.
నేనే ఏదో జవాబు చెప్పినా, గుర్తులేదు.

సోమవారం మద్దిలేటి
ఏడో ఎక్కం గడగడా అప్పజెప్పినాడని
రాయాలని ఉంది. లేదు.
"ఏ" దగ్గరే ఆగినాడు.
కానీ భుజాలు కిందే ఉన్నాయి,
రెండు పాదాలూ నేల మీద ఉన్నాయి,
చూపు నా మీదే ఉంది.
నేనూ చాక్‌పీసు కింద పెట్టి నిలబడినా.
మొత్తం క్లాసు నిలబడింది,
ఆ ఏడు వచ్చేదాకా.

వచ్చినాక, బోర్డు మీద రాయమని పిలిస్తే
తిన్నగా రాకుండా
ఒక వారగా తిరిగి వచ్చినాడు.
ఎందుకో ఒక నిమిషం అర్థం కాలేదు.
హాజరుపట్టీ తీసుకుని పోతా
నేను కూడా
ఆ బండను తొక్కలేదు.