చేతి చేదు

బేరను సీజన్లో నా చేతులు నావి కావు.
పచ్చాకు కర్రలకి కట్టీ కట్టీ
బంక ఎండిన తుమ్మ మొద్దుల్లాగుంటాయి.
చింతపండు పిప్పితో రుద్దినా, ఇసకతో రుద్దినా
గోళ్ల సందుల్లో ఆ జిగురు పోదు.
అన్నం కలిపితే అన్నం చేదు.
పిల్లోడి మూతి తుడిస్తే మూతి చేదు.
అందుకే ఈ మూడు నెలలూ
గరిటె పట్టేది నేను, ముద్ద కలిపేది మా దీవెన.

పోయిన్నెల కాలనీకొచ్చిన నర్సమ్మ
దాని వేలు పొడిచి, రక్తం ఎనిమిదేనమ్మా అంది.
టెన్తు అయిపోయిందిగా,
దాంతో బడి గుడ్డూ అయిపోయింది దానికి.
చీటీ మీద రాసిచ్చింది:
దానిమ్మ, ఖర్జూరం, పాలు, రోజుకో గుడ్డు,
వారానికి రెండు మాట్లు కార్జం.
మంచి రాత. ముత్యాలు గుచ్చినట్టుంది.

ఆ చీటీ పట్టుకోని టంగుటూరు సెంటర్లో
పళ్ల బండి కాడ నిలబడ్డా.
ఒక దానిమ్మకాయ చేతిలోకి తీసుకున్నా.
ఎన్ని కర్రలు కడితే ఈ కాయ?
పదిహేడు.
మళ్లీ పెట్టేశా.
బండాయన ఏమీ అనలా,
కాయకంటిన నా వేలి మరక మాత్రం
గుడ్డతో తుడుచుకున్నాడు.

కోటా బియ్యం ఉన్నాయి. కడుపు నిండుద్ది.
నిండటం వేరు, తినటం వేరు
అంటది మా అత్త మార్తమ్మ.
ఆమె చిన్నప్పుడు కొర్రన్నం తినీ తినీ
వరన్నం కోసం పండగ దాకా కాసుక్కూచునేదంట.
ఇప్పుడు చక్కెరొచ్చిందని డాక్టరు
కొర్రలే తినమన్నాడు.
కొర్రలేమో ఒంగోలులో ఏసీ కొట్లో
అద్దాల డబ్బాల్లో కూచున్నాయి.
"మా గుడిసెలో ఉండేయిగా, ఎప్పుడు లేచిపోయాయే?"
పన్ను లేని నోటితో ముసల్ది నవ్వుద్ది.

సరే, నర్సమ్మ చీటీ గోడకి గుచ్చి
నా చీటీ నేను రాసుకున్నా, నోట్లోనే.

రెడ్డిగారి దొడ్డి గోడ దాటి
ఇవతలికి వాలిన మునగ కొమ్మ.
(వాలింది మనదే, ఇది దీవెన చట్టం.)
శనగ కోసిన చేలో ఆదివారం ఇద్దరం
నడుములు పడిపోయేదాకా ఏరిన పరిగె,
కుంచెడు తక్కువ, తవ్వెడు ఎక్కువ.
పాకల నుంచి ఆటోలో వచ్చే పోలమ్మ కాడ
పొద్దుగూకినాక మిగిలిన నెత్తళ్లు.
పొద్దుటి రేటు మేడలోళ్లకి,
ఐసు కరిగిన రేటు మాకు.
ముల్లు కూడా నమిలి మింగండ్రా,
ముల్లు ఎముక్కే పోద్ది అని చెప్తా.
నిజమో అబద్ధమో, నమిల్తే చాలు.

శనివారం కూలి చేతిలో పడితే
ముందు అరడజను గుడ్లు, తర్వాతే నూనె బాకీ.
ఉడికిన గుడ్డుని దారంతో కోస్తా.
కత్తయితే పచ్చసొన దానికే అంటుకుంటది,
కత్తికెందుకు బలం?
దీవెనకో సగం, ముసలమ్మకో సగం.
హమాలీ నడుము కాబట్టి యోబుకి ఒకటి.
సిలాసుకి బళ్లో పెడతారు,
అయినా చూస్తా ఉంటాడు గనక
వాడి కళ్లకో సగం.

రాత్రి బేసిన్లో పులుసన్నం కలిపి
దీవెన ముద్దలు పెడతా ఉంది, వరసగా.
నా వంతు ముద్ద మెత్తంగా ఉంది.
కొరికినాక తెలిసింది,
లోపల దాని సగం గుడ్డు.

ఏమే ఇది?

"నీ వేలు ఎప్పుడన్నా పొడిపించుకున్నావా?
నీకెంతుందో?"

తిట్టా. గుడ్లు చెట్టుకి కాస్తన్నాయా అని,
తిండి పారబోసే దానివి కాలేజీకెందుకని,
నోటికొచ్చిందల్లా తిట్టా.
నోట్లోది మాత్రం ఊయలేదు.
మెల్లంగా నమిలా.
ఉప్పంగా ఉంది. పులుపు తగిలింది.
చేదు లేదు.

సిలాసు నవ్వు ఆపుకోలేక పొలమారాడు.
మంచంలోంచి అత్త కేకేసింది,
రేపటికి శనగలు నానబోశారా అని.
పొయ్యలేదు.
లేచి పోశా,
చేత్తో కాదు, గలాసుతో.